ఎర్ర లైటు ఆరిపోయాక

రేవణసిద్ధప్ప తల వెనక్కి వాల్చి, ఉప్పునీళ్లను గొంతులో నిలబెట్టి గరగరలాడించాడు. ఇది మూడో చెంబు. పెరట్లో బట్టలుతికే బండ పక్కన వంగి ఉమ్మితే నీళ్లలో సన్నగా ఎర్రటి చార కనిపించింది. ఎవరూ చూడకముందే దాని మీద నీళ్లు కుమ్మరించాడు. నాలుగో చెంబు పట్టుకుని వెనకాల నిలబడ్డ భార్య భాగీరథి చూడనే చూసింది. చూసి, చెంబు చేతికందించింది. ఆ ఇంట్లో మాటల వాడకం మొదటి నుంచీ తక్కువే.

సరిగ్గా అప్పుడే సందు చివరి నుంచి ఒక గొంతు లేచింది. నిండుగా, నింపాదిగా, ఎక్కడా బొంగురు లేకుండా.

"పాత స్టీలు తెచ్చుకోండి, కొత్త స్టీలు తీసుకుపోండి. జహీరాబాద్ పట్టణ ప్రజలారా, పాత స్టీలు తెచ్చుకోండి, కొత్త స్టీలు తీసుకుపోండి."

ఆటో ఇంటి ముందు నుంచి మెల్లగా సాగిపోయింది. అందులో డ్రైవరు తప్ప ఇంకెవరూ లేరు. గొంతు మాత్రం రేవణసిద్ధప్పదే.

ఆరేళ్ల కిందట ఒక సామాన్ల దుకాణం యజమాని అతన్ని పిలిచి, చాయ్ తాగించి, గంటసేపు మాట్లాడించి, ఆ మాటల్ని పెన్‌డ్రైవ్‌లోకి పట్టుకున్నాడు. ఆ తరువాత మళ్లీ పిలవలేదు, పిలవాల్సిన పనీ లేదు. ఆయన్ని చూసి చీరల దుకాణం, దాన్ని చూసి ఫర్నిచర్ దుకాణం అదే పని చేశాయి. అప్పటి నుంచి ఆ గొంతు తిండీ నీళ్లూ అడగకుండా ఊరంతా తిరిగి పని చేసుకొస్తోంది. దాని అసలు మనిషి మాత్రం గడప మీద కూర్చుని వింటున్నాడు. కన్నకొడుకు ఎదురుపడి కూడా పలకరించకుండా పోతే ఎట్లా ఉంటుందో, మొదట్లో అతనికి అట్లా ఉండేది. తరువాత కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కోపం కూడా పాతబడింది గానీ పోలేదు.

చెంబు కింద పెట్టి లోపలికి పోయాడు. దవాఖాన కాగితాల ఫైలు విప్పి చూసి కట్టేశాడు. మళ్లీ విప్పాడు. సాయంత్రం అయిదింటికి హైదరాబాద్ బస్సు. రేపు పొద్దున దవాఖానలో చేరాలి. ఎల్లుండి ఆపరేషన్. గొంతుపెట్టె మొత్తం తీసేస్తారు, మెడ దగ్గర ఊపిరికి ఒక రంధ్రం పెడతారు. డాక్టరు మంచివాడే, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. "మాటనా, మనిషినా అంటే మనం మనిషినే చూసుకోవాలె గదా" అని కూడా అన్నాడు. అప్పటిదాకా గొంతును వాడొద్దన్నాడు. వాడితే ముందే పోవచ్చునన్నాడు.

మైకు పట్టేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. బీడీ కాలిస్తే గొంతు మందమవుతుందని, మందమైన గొంతే దూరం పోతుందని. రేవణసిద్ధప్పకు పని నేర్పిన గురువు ఆ మాట చెప్పి మొదటి బీడీ తానే ముట్టించి ఇచ్చాడు. ఆ గురువు చివరికి గొంతు జబ్బుతోనే పోయాడు. శిష్యులందరూ అంత్యక్రియలకు పోయి, దుఃఖం ఆగక, శ్మశానం గోడ పక్కన కూర్చుని తలా ఒక బీడీ కాల్చుకుని వచ్చారు.

అతనిది బీదర్ వైపు పల్లె. పందొమ్మిదో ఏట జహీరాబాద్ వచ్చి సినిమా టాకీసులో పోస్టర్లకు మైదా జిగురు కలిపే పనిలో కుదిరాడు. ఒక శుక్రవారం మైకు మనిషికి జ్వరం వస్తే ఇతన్ని జట్కాలో కూర్చోబెట్టారు. అంతే, ముప్పయ్యెనిమిదేళ్లు దిగలేదు. బస్సు మీద రీళ్ల డబ్బాలు దిగాయంటే ఆ వార్త రైల్వే గేటు అవతలికి మోసుకుపోయేది అతనే. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, సరిహద్దు ఊళ్లకు పోతే కన్నడంలో ఒకసారి. సినిమాలు, సర్కస్సులు, పోలియో చుక్కలు, నల్లా నీళ్లు, తప్పిపోయిన పిల్లలు. ఎన్నికల్లో ముగ్గురు అభ్యర్థులను ఒకే రోజు మూడు పూటలా గెలిపించమని వేడుకున్న ఘనత కూడా అతనిదే. ముగ్గురూ ఓడిపోయారు.

ఇంటికొచ్చాక మాత్రం నోరు తెరిచేవాడు కాదు. రేపటికి గొంతు కావాలి గదా. రెండు వేళ్లు చూపిస్తే నీళ్లు, అరచేయి బోర్లిస్తే అన్నం చాలు, చిటికె వేస్తే ఇటు రమ్మని. పెళ్లయిన ఏడాదిలోనే భాగీరథి ఆ సైగలన్నీ నేర్చుకుంది. ఊరందరికీ తెలిసిన ఆ గొంతు, వీధిలోంచి పోతుంటే, ఆమె కూడా ఊరందరితో పాటే కిటికీలోంచి వినేది.

పెన్‌డ్రైవులు వచ్చాక అతనికి మిగిలిన పని ఒక్కటే, చావు కబురు. స్టీలు సామాన్ల మాట ఏడాదంతా ఒకటే కాబట్టి పట్టి ఉంచుకోవచ్చు. పోయిన మనిషి పేరును ముందుగా పట్టి ఉంచలేరు కదా.

ఫైలు నాలుగోసారి కడుతుండగా గుమ్మంలో శివరాజ్ కనిపించాడు. అల్లం మార్కెట్లో తూకం వేస్తాడు, పరిచయస్తుడే. నెత్తిన రుమాలు లేదు, కళ్లు వాచి ఉన్నాయి. తెల్లవారుజామున తల్లి చెన్నమ్మ పోయిందన్నాడు.

"ఒక్క చుట్టు తిరుగు కాకా. మా నాయినప్పుడు నువ్వే చెప్పినవు. అమ్మ పేరు కూడా నీ నోట్లకెళ్లే రావాలె."

రేవణసిద్ధప్ప లేచి నిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా గోడకున్న మైకు వైపు పోయింది. భాగీరథి అడ్డం రాలేదు గానీ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"గొంతు వాడొద్దని డాక్టర్ చెప్పిండు శివరాజ్. ఎల్లుండి ఆపరేషన్" అంది.

ఒక చుట్టు అంటే గంటన్నర. గంటన్నర మైకు పడితే మధ్యాహ్నానికి గొంతు ఉండదు. మధ్యాహ్నానికి దానితో ఇంకో పని ఉంది, ఆ పనికి ఇంకో రోజు లేదు. చెన్నమ్మ ముఖం గుర్తొచ్చింది. అల్లం బుట్ట పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ఒక కొమ్ము ఊరికే ఇచ్చే మనిషి. రేవణసిద్ధప్ప మైకునూ బ్యాటరీ పెట్టెనూ దించి శివరాజ్ చేతుల్లో పెట్టాడు.

"నువ్వే చెప్పు" అన్నాడు. ఇసుక మీద బండి ఈడ్చినట్టు వచ్చింది మాట. "పేరు నిమ్మళంగ చెప్పు. రెండుసార్లు చెప్పు. ఒక్కసారి చెప్తే అలికిడి అనుకుంటరు. రెండుసార్లు చెప్తే కబురు."

శివరాజ్ పోయాక అతను కాలు నిలవక పెరట్లో పదిసార్లు అటూ ఇటూ తిరిగాడు. చావు కబురుకు కాదన్నది ఇదే మొదటిసారి. తప్పు చేశానని మనసు పీకింది. పదకొండు కాకముందే చొక్కా వేసుకుని, విభూతి దిద్దుకుని బయలుదేరాడు.

పోయేది స్నిగ్ధ దగ్గరికి. స్నిగ్ధ విత్తనాల దుకాణం విష్ణువర్ధన్ కూతురు, పాతికేళ్ల పిల్ల. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, ఏడాది ఉద్యోగం చేసి, మానేసి వచ్చి ఇక్కడ సినిమా తీస్తోంది. దేనితో అంటే చేతిలో ఉన్న ఫోన్‌తోనే. మొదట విన్నప్పుడు రేవణసిద్ధప్ప నవ్వాడు. సినిమా అంటే రీళ్ల డబ్బాలను ఇద్దరు కూలీలు మోయడం చూసినవాడు. ఈ పిల్ల సినిమా మొత్తం ఆమె చేతిసంచిలో, టిఫిన్ డబ్బా పక్కన ఉంటుంది. కెమెరా ముందుకు జరగాలంటే తోపుడుబండి మీద కూర్చుని తోయించుకుంటుంది. లైట్లు షామియానా వాళ్లవి. పద్నాలుగు నెలలుగా ఆదివారం ఆదివారం కోహీర్, రాయికోడ్, చిరాగ్‌పల్లి పొలాల్లో తీసింది. ఈ మధ్య ఊళ్లో ఇలాంటి గుంపులు నాలుగైదు తయారయ్యాయి. చెరుకు ట్రాక్టర్ల కంటే డైరెక్టర్లు ఎక్కువయ్యారని విష్ణువర్ధన్ విసుక్కుంటాడు గానీ, దుకాణం మీద గది తాళం మాత్రం కూతురికే ఇచ్చాడు.

ఆమె సినిమాలో ముసలి రైతు వేషం రాయికోడ్ దగ్గరి బస్వరాజ్‌ది. నిజంగానే రైతు. ముఖం చూస్తే చాలు, దున్నిన చేను చూసినట్టే ఉంటుంది. చిక్కంతా మాటతోనే వచ్చింది. చిరాగ్‌పల్లి దగ్గర తీసిన సీన్లన్నిటిలో హైవే లారీల మోత పడింది. మాటలు మళ్లీ గదిలో పట్టాలంటే బస్వరాజ్ మైకు ముందు కట్టెలా బిగుసుకుపోయాడు. రెండు రోజులు కూర్చుని, "శనగ కోతకొచ్చింది బిడ్డా" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వారమే స్నిగ్ధ వీధిలో ఒక చావు కబురు విని, స్కూటీ ఆపి, మైకు వెనకాల ఉన్న మనిషిని వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికే గొంతు కొంచెం బొంగురు పడింది. ఆ బొంగురే కావాలంది.

ముప్పయ్యెనిమిదేళ్లు సినిమా వచ్చిందని ఊరికి చెప్పినవాడు, సినిమాలో తానుండే రోజు వస్తుందనుకోలేదు. ఒప్పుకున్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు.

"నా మాటలైపోయినంక ఎర్రలైటు ఆర్పాలె. ఆర్పినంక నేనేం మాట్లాడినా అది నాది. దొంగతనంగ పట్టొద్దు."

స్నిగ్ధ అతని చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. అరచేతంత రికార్డరు మీద ఆవగింజంత ఎర్ర లైటు ఉంటుంది. ప్రతి సీను కాగానే దాన్ని ఆర్పి, అతనికి చూపించి, ఆ తరువాతే మాట్లాడేది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా మరచిపోలేదు. అతనికి ఆ పిల్ల మీద గౌరవం కుదిరింది అందుకే.

గది నిండా ఎరువుల వాసన. గోడలకు బొంతలు, గోనె పట్టాలు వేలాడదీశారు, బయటి చప్పుడు రాకుండా. మూలన పృథ్వీరాజ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది, మిగతా వేళల్లో ఈ సినిమాకు ఎడిటరు. రేవణసిద్ధప్ప మెట్లెక్కి వచ్చిన ఆయాసం చూసి స్నిగ్ధ స్టూలు జరిపింది.

"పెద్దనాయినా, ఒక్క సీనే మిగిలింది. మీకు చాతకాకుంటే ఇడిసిపెడదాం."

పృథ్వీరాజ్ కుర్చీ ఇటు తిప్పాడు. "ఇడిసిపెట్టుడు ఎందుకు? ఇప్పటికే నీ గొంతు నలభై నిమిషాలున్నది మా తాన. మిషన్‌కు ఇస్తే, ఏ మాటంటే ఆ మాట నీ గొంతుతోని అదే అంటది. ఫ్రీగ దొరుకుతది సాఫ్ట్‌వేర్. నువ్వు తకలీఫ్ పడే పనిలేదు."

"నేను అనని మాట కూడా అంటదా?"

"అంటది."

"నా గొంతు పోయినంక కూడా?"

పృథ్వీరాజ్ స్నిగ్ధ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"వద్దు" అన్నాడు రేవణసిద్ధప్ప. "ఒక్కపారి సచ్చిన. ఊరంత స్టీలు సామాన్లు అమ్ముకుంట తిరుగుతున్న సచ్చిపోయి. ఇగ ఇది గూడ వద్దు. నేను అంటెనే నా మాట." అంతసేపు మాట్లాడేసరికి దగ్గు వచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుని, రుమాలు చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సీను చిన్నదే. తెరమీద బస్వరాజ్ పశువుల కొట్టం ముందు భార్య పక్కన కూర్చుని ఉంటాడు. ఖాళీ గుంజ వైపు చూస్తూ, "లక్ష్మమ్మా, ఆవును అమ్మినప్పుడు నిన్ను అడగలే. అడగాల్సింది" అంటాడు. రెండే ముక్కలు.

ఎర్ర లైటు వెలిగింది. రేవణసిద్ధప్ప ఊపిరి పీల్చుకుని అన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న స్నిగ్ధ ముఖం చిట్లించింది. మాట చివర సాగింది. నాలుగు వీధుల కూడలిలో నిలబడి ఆవును అమ్మిన సంగతి పట్టణ ప్రజలకు తెలియజేసినట్టుంది. మళ్లీ అన్నాడు. ఈసారి సాగలేదు గానీ మొత్తం మాటను వెంటనే రెండోసారి కూడా చెప్పేశాడు. పృథ్వీరాజ్ నవ్వు ఆపుకోలేక కంప్యూటర్ వెనక్కి వంగాడు. రేవణసిద్ధప్పకూ నవ్వొచ్చింది. పదకొండోసారికి ఎవరికీ నవ్వు రాలేదు. అడుగంటిన కుండను గీరినట్టుంది గొంతు.

అప్పుడు బయట వీధిలోంచి శివరాజ్ గొంతు వచ్చింది. బొంతల్లోంచి కూడా వినిపించింది. "మా అమ్మ... చెన్నమ్మ... మా అమ్మ చెన్నమ్మ" అని, తరువాత ఏం చెప్పాలో తెలియక ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టాడు. ఏ వీధి, ఎన్ని గంటలకు, ఏదీ లేదు. పనిగా చూస్తే అది చావు కబురే కాదు. కానీ కింద దుకాణంలో బేరం చేస్తున్నవాళ్లు మాట ఆపేశారు. రేవణసిద్ధప్ప స్టూలు మీద కదలకుండా కూర్చుని అది దూరమయ్యేదాకా విన్నాడు. తాను ఏ ఒక్క చావునూ అట్లా చెప్పలేదని అతనికి తెలిసింది. అన్నీ ఊరికి చెప్పాడు. వాడు చెబుతున్నది ఊరికి కాదు.

"మీరు మైకుతోని మాట్లాడుతున్నరు పెద్దనాయినా" అంది స్నిగ్ధ మెల్లగా. "మనిషితోని మాట్లాడినట్టు అనున్రి."

"మనిషి ఏది?"

ఆమె జవాబు వెతుక్కునేలోపు అతనే అన్నాడు, "మా ఇంటామెను పిలిపియ్యి."

పృథ్వీరాజ్ బండి మీద పోయి తీసుకొచ్చేసరికి మూడు దాటింది. భాగీరథి బస్సుకు సర్దిన సంచితో సహా వచ్చింది. గదిలోకి అడుగుపెట్టి, గోడల మీది బొంతలను చూసి, వాటిని ఉతకక ఎన్నాళ్లయిందోనని మనసులో లెక్కపెట్టుకుంది కాబోలు, ముక్కు మీద కొంగు పెట్టుకుంది. స్నిగ్ధ ఆమెను మైకుకు అటువైపు, మడిచిన గోనెల మీద కూర్చోబెట్టింది. మాట్లాడొద్దని, ఊరికే చూస్తూ ఉండమని చెప్పింది. భాగీరథి చేతులు ఒడిలో పెట్టుకుని భర్త ముఖంలోకి చూసింది. ఇంట్లో అతను సైగ చేసేదాకా ఎదురుచూసే చూపు అది.

ఎర్ర లైటు వెలిగింది.

"లక్ష్మమ్మా" అన్నాడు రేవణసిద్ధప్ప, ఆమెను చూస్తూ. "ఆవును అమ్మినప్పుడు నిన్ను అడగలే. అడగాల్సింది."

"మనకు ఆవెక్కడిది?" అంది భాగీరథి.

స్నిగ్ధ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇది సినిమాలో మాటని ఆమెకు విడమర్చి చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. లక్ష్మమ్మ ఎవరన్నది చెప్పడానికి ఇంకో అయిదు. "ఓహో" అని సర్దుకుని కూర్చుంది భాగీరథి. ఆవును అడగకుండా అమ్మడం మాత్రం తప్పేనంది.

రెండోసారి అతను మైకును చూడలేదు. ఆమెనే చూశాడు. ముక్కుపుడక రాయి రాలి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. మాట సాగలేదు, పైకి లేవలేదు, రెండోసారి రాలేదు. అడగాల్సింది అన్న మాట సగంలో చిన్నగా విరిగింది. స్నిగ్ధ హెడ్‌ఫోన్లు రెండు చేతులతో నొక్కిపట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తెరమీద బస్వరాజ్ పెదవులు ఆ మాటకు తగ్గట్టే కదిలాయి, ఆ మాట అతనిదే అయినట్టు.

"అయిపోయింది పెద్దనాయినా" అంది. అలవాటు ప్రకారం రికార్డరు ఎత్తి, బటన్ నొక్కి, ఆరిపోయిన ఎర్ర లైటును అతనికి చూపించింది.

అతను చూసి తలూపాడు గానీ స్టూలు మీంచి లేవలేదు. భార్య ముఖంలోంచి చూపు తిప్పుకోలేదు. ఏదో చెప్పబోతున్నాడని ఆ పిల్లకు అర్థమైంది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది, పృథ్వీరాజ్ భుజం తట్టింది, ఇద్దరూ బయటికి పోయి తలుపు దగ్గరికి వేశారు.

"భాగీరథీ" అన్నాడు రేవణసిద్ధప్ప.

ఆమె ఉలిక్కిపడింది. మనిషి పోతే చాలు, ఊళ్లో ప్రతివాళ్ల పేరూ రెండుసార్లు పిలిచినవాడు, ముప్పయ్యారేళ్ల కాపురంలో ఆ పేరు ఒక్కసారీ నోట పలకలేదు. పిలవాలంటే చిటికె, లేకపోతే "ఇగో" అనడం. భర్తలు భార్యల పేర్లు పిలవకపోవడం ఆ ఇళ్లల్లో వింతేమీ కాదు, కాబట్టి ఆమె కూడా ఎన్నడూ లోటనుకోలేదు. ఇప్పుడు విన్నాక తెలిసింది, లోటేనని.

"ఇంటికొచ్చి మాట్లాడకపోతుంటి గదా. నీ మీద కోపమనుకున్నవేమో. కోపం కాదు. గొంతు దాచుకున్న. రేపటికి కావాలె, రేపటికి కావాలె అనుకుంట దాచిన. ఎవరికోసం దాచిన్నో నాకు సమజ్ కాలే."

"ఊ" అంది ఆమె.

తరువాత అతను చాలా చెప్పాడు. మాటలు పెద్దవేమీ కావు. బీదర్‌లో పెళ్లిచూపుల నాడు ఆమె జొన్నరొట్టె తడుతుంటే వచ్చిన చప్పుడు తనకు నచ్చిందన్నాడు. కూతురు త్రివేణి పుట్టిన రోజు తాను సర్కస్ కబురు చెబుతూ ఊరంతా తిరిగానని, ఆనాటి నుంచి సర్కస్ అంటేనే పడదన్నాడు. వీధిలోంచి పోతూ తమ ఇంటి ముందు ఆటోను ఎప్పుడూ మెల్లగా పోనిమ్మనేవాడినని, అది ఆమె వినాలనేనని చెప్పాడు. ఆ సంగతి ఆమెకు తెలుసట. మధ్యలో రెండుసార్లు ఆమె పేరు పిలిచాడు, పని ఏమీ లేకుండానే. గొంతు సన్నబడుతూ, చిట్లుతూ, చివరికి పెదవులు కదలడమే మిగిలింది. భాగీరథి ముందుకు వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టి మిగిలింది కూడా విన్నది. తరువాత కొంగుతో అతని ముఖం తుడిచింది.

తలుపు మీద స్నిగ్ధ మెల్లగా కొట్టింది. నాలుగున్నర అయింది. కింద ఆటో వచ్చింది.

రేవణసిద్ధప్ప సంచి భుజాన వేసుకున్నాడు. ఒళ్లు తేలికగా ఉంది, పొద్దుటి గాబరా పోయింది. స్నిగ్ధ వంగి కాళ్లకు దండం పెడితే తల మీద చెయ్యి పెట్టాడు. ఏదో అనబోయాడు. గాలి మాత్రం వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. ఆపరేషన్ ఎల్లుండి గానీ, గొంతు అంతదాకా ఆగలేదు. పోతే పోనీ అనుకున్నాడు. పోవాల్సిన చోటికే పోయింది.

ముందు మెట్ల వైపు నడిచిన భాగీరథి ఆగి వెనక్కి వచ్చింది. రవికలోంచి చిన్న బటన్ల ఫోన్ తీసింది. వెనక మూత ఊడిపోకుండా దానికి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. స్నిగ్ధ ముందు బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, దీంట్ల చిప్పు ఉన్నది. పాటలొస్తయి. ఇందాక ఈయన చెప్పిందంత మీ మిషన్ల పట్టుకున్నరు గదా. అంత వద్దు. నా పేరు పిలిచిండు చూడు, గది ఒక్కటి ఎక్కియ్యి. ఎప్పుడన్న ఇనుకుంట."

 స్నిగ్ధ చెయ్యి రికార్డరు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. నెత్తురు చుక్క లేని ముఖంతో ఆ పిల్ల భాగీరథిని కాక అతన్ని చూసింది. ఆ చూపులో ఉన్నదంతా రేవణసిద్ధప్పకు తెలిసింది. ఒట్టు వేయించుకున్నది తాను. పిల్ల మాట తప్పలేదు. తప్పి ఉంటే ఎంత బాగుండేదో.

నోరు తెరిచాడు. ఆ నాలుగక్షరాల కోసం ఛాతీ అంతా బిగబట్టి ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి. దగ్గు తప్ప ఏమీ రాలేదు. భాగీరథి వీపు నిమిరింది. "చాలు చాలు, జర దమ్ము తీసుకో" అంది. ఆమెకు సంగతి తెలియలేదు.

దగ్గు ఆగాక అతను బల్ల దగ్గరికి నడిచాడు. ఫోన్‌ను చేతిలోకి తీసుకుని ఒక క్షణం నిలబడ్డాడు. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న రోషం ఒకవైపు, ఆమె అడిగిన ఆ ఒక్క మాట ఒకవైపు. ఆమె జీవితంలో అతన్ని అడిగింది కూడా అదొక్కటేనేమో. ఫోన్‌ను తీసుకుపోయి పృథ్వీరాజ్ ముందు, కంప్యూటర్ పక్కన పెట్టాడు. ఏ మాటంటే ఆ మాట మిషన్ తన గొంతుతో అంటుందని పొద్దున చెప్పిన అతని కళ్లలోకి చూసి, ఊ అన్నట్టు తలూపాడు. పృథ్వీరాజ్‌కు అర్థమయ్యేదాకా ఊపాడు.

"మీరొచ్చేసరికి ఎక్కిస్తం పెద్దమ్మా" అంది స్నిగ్ధ. 

"నిమ్మళంగనే ఎక్కియ్యి. మాకిప్పుడు ఫోన్ ఎందుకు, త్రివేణి బస్‌స్టాండ్ల ఉంటది" అని భాగీరథి అతని మోచెయ్యి పట్టుకుంది. మెట్లు దిగుతూ ఆమె ఏదో చెబుతూనే ఉంది, మొదటిసారిగా ఇద్దరి వంతు మాటలూ తానే మాట్లాడుతూ. ఆటో స్టార్టయింది, అల్లం మార్కెట్ మలుపు దాకా వినిపించింది.

పైన గదిలో కంప్యూటర్ పక్కన, రబ్బరు బ్యాండు చుట్టిన ఆ చిన్న ఫోన్ బోర్లా పడి ఉంది.